ఒక్క ట్రిప్పుకే మిగిలిన ఇంజన్

కాలిపోయిన మోటారు ఎవరిదైనా సరే, ఛత్రినాక గల్లీలో మహేందర్ దుకాణానికి రావలసిందే. బోరు మోటారు, కూలర్ మోటారు, పిండిగిర్ని మోటారు, ఏది తెచ్చినా విప్పి, మాడిన తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, సాయంత్రానికల్లా గిర్రున తిప్పి చేతిలో పెట్టేవాడు. అంత పనివాడు ఒక చిన్న పడవ ఇంజన్ దగ్గర బోల్తా పడ్డాడు. బుద్ధి తక్కువై కాదు సుమండీ, తెలివి ఎక్కువై! తక్కువ తెలివికి నలుగురూ అడ్డం పడతారు. ఎక్కువ తెలివికి చప్పట్లు కొడతారు. అక్కడే కొంప మునుగుతుంది.

ఉప్పుగూడలో అతని ఇల్లున్న బస్తీ పల్లంలో ఉంది. కొన్నేళ్ల కింద పై చెరువు పొంగినప్పుడు బస్తీ మొత్తం మెడలోతు నీళ్లలో నిలబడి సర్కారు పడవ కోసం ఎదురుచూసింది. అది ఎప్పటికీ రాదే! నీళ్లు తీశాక బస్తీ సంఘం వాళ్లు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి, పాత ఫైబర్ పడవ ఒకటి, దాని వెనక తగిలించే పాత పెట్రోలు ఇంజన్ ఒకటి కొన్నారు. వినాయక నిమజ్జనానికీ పనికొస్తుంది, మళ్లీ మునిగితే ప్రాణాలకూ పనికొస్తుంది అనుకున్నారు. పడవను బస్తీ పక్కనున్న చిన్న చెరువులో కట్టేశారు. ఇంజన్ బాధ్యత ఎవరిదంటే, ఇంకెవరిది, మహేందర్‌దే.

ఈ రకం ఇంజన్‌కు ఒక పొడుగాటి కాలుంటుంది. అది నీళ్లలో మునిగి ఉంటుంది. ఆ కాలికి రెండు పక్కలా సన్నటి చీలికలు. చెరువు నీళ్లు ఆ చీలికల్లోంచి పైకెక్కి, ఇంజన్ వేడిని లాక్కుని, వెనకున్న చిన్న రంధ్రంలోంచి సన్నటి ధారగా బయటపడతాయి. ధార పడుతున్నంతసేపు ఇంజన్‌కు ఢోకా లేదు. సంఘం కుర్రాళ్లు "అన్నా, ఉచ్చ పోస్తున్నదా లేదా?" అని అడిగి పగలబడి నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు గాని, అసలు సంగతి అదే. పోయడం ఆగిందంటే ఇంజన్ కథ ముగిసినట్టే.

ఇక ఆ చెరువు నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. సగం మోరీ నీళ్లు, మిగతా సగం ఏమిటో ఎవరూ అడగరు. ఇంజన్ కాలును అందులో కొన్నాళ్లు వదిలేస్తే చాలు, పాకుడు పట్టి, చీలికల నిండా నత్తగుల్లలు చేరి, ఇనుప మొలతో గీకినా ఊడవు. దీనికి మందు లేకపోలేదు. పని అయిన ప్రతిసారీ ఇంజన్ కాలును నీళ్లలోంచి పైకి లేపి ఉంచాలి, బ్రష్‌తో తోమాలి, నల్లా నీళ్లు తాగించి కడగాలి. అంతే. కానీ పైకి లేపితే గట్టు మీద పోయేవాళ్లందరికీ ఇంజన్ కనిపిస్తుంది. కనిపించిన ఇంజన్‌ను స్క్రాపు దొంగలు వదులుతారా? అందుకని కాలును నీళ్లలోనే ముంచి, పైభాగం మీద పాత గోనె కప్పి ఉంచేవాళ్లు. మహేందర్ ప్రతి ఆదివారం నడుంలోతు మురికిలోకి దిగి తోమేవాడు. ఇంటికొస్తే అతని భార్య యశోద గడప తొక్కనిచ్చేది కాదు. వాకిట్లోనే నిలబెట్టి బకెట్లతో కుమ్మరించేది.

ఒకనాడు ఇంట్లో రాగి బిందెలో చెంబు ముంచుతూ టక్కున ఆగిపోయాడు. ప్లాస్టిక్ డ్రమ్ములో పాకుడు పడుతుంది, రాగి బిందెలో పట్టదు. రాగి అంటే పురుగుకు పడదని ముసలమ్మలు కూడా చెబుతారు. తన దుకాణంలో చూస్తే మూల నిండా రాగి తీగే! ఆ రాత్రే కూర్చుని వైండింగ్ తీగతో చాపలా అల్లి రెండు రాగి జల్లెడలు చేశాడు. మరునాడు వాటిని ఆ చీలికల మీద ఇత్తడి స్క్రూలతో బిగించేశాడు.

పని చేసింది! అదే కదా వచ్చిన చిక్కు. నాచు రాలేదు, నత్త ఎక్కలేదు. వినాయకుడి పందిట్లో సంఘం వాళ్లు అతనికి శాలువా కప్పి, మైకులో "మన బస్తీ ఇంజనీర్" అన్నారు. ఆదివారాలు చెరువులో దిగడం మానేశాడు. ఇంజన్ కాలును పైకి లేపి చూడడం కూడా మానేశాడు. మంచిగా ఉన్నదాన్ని చూసేదేముంది?

చూడమని ఒక్కడే అన్నాడు. అతని మామ బాలనర్సింహ, యశోద తండ్రి. బస్తీ దిగువ కొసన రేకుల కొట్టంలో బర్రెలు పెట్టుకుని పాలు పోసేవాడు. పొద్దున పాలు ఇవ్వడానికి వచ్చి అరుగు మీద కూర్చుని, "అల్లుడా, గుల్లలు ఎక్కుతలేవంటున్నవ్, మంచిదే. మరి లేపి చూస్తున్నవా?" అన్నాడు.

"చూసేదేముంది మామా, రాగి పెట్టిన గద."

"బర్రె మంచిగ మేస్తున్నదని నేను దాని నోరు చూసుడు మానుతనా? పైకి మంచిగ కనబడేదాన్నే ముందుగాల చూడాలె."

"గిది బర్రె కాదు మామా, మిషిని. నువ్వు ఫికర్ చెయ్యకు" అని నవ్వాడు మహేందర్. పెద్దాయన కూడా నవ్వి క్యాను సర్దుకుని వెళ్లిపోయాడు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

దసరా వెళ్లాక పట్టిన ముసురు వదలలేదు. ఒక పొద్దున జనం ఇంకా పళ్లు తోముకుంటుండగానే పై చెరువు కట్ట తెగింది. ఎంత నీరు, ఎంత నీరు! గల్లీల్లో ఆటోలు అగ్గిపెట్టెల్లా దొర్లుకుంటూ వచ్చాయి. మహేందర్, అతని స్నేహితుడు నగేష్ చెరువు గట్టుకు పరుగెత్తి పడవ విప్పుకొచ్చారు. సంఘం ఆఫీసుది రెండంతస్తుల మేడ. దొరికినవాళ్లను దొరికినట్టు ఎక్కించుకుని ఆ మేడ మీద దించసాగారు. యశోద అప్పటికే మేడ మీద ఉండి, తడిసిన ముసలివాళ్లను చేయి పట్టి లోపలికి లాగుతోంది. మొదటి ట్రిప్పుల్లో ఇంజన్ బాగానే నడిచింది. ధార సన్నబడుతోందని, అంత వానలో, ఎవరు చూశారు?

మేడ దగ్గరికి మళ్లీ వచ్చి ఆగినప్పుడు ఇంజన్ 'కీ...' మని కూత పెట్టింది. మహేందర్ వెనక్కి చూశాడు. రంధ్రంలోంచి ధార లేదు. పై ప్రాణాలు పైనే పోయాయతనికి. ఇంజన్ ఆపి, తాడు మేడ కమ్మీకి చుట్టి, కాలును పైకి లేపాడు.

రాగి జల్లెడ మెరుస్తూ ఉంది. ఒక్క నత్త లేదు. కానీ జల్లెడ బిగించిన చోట లోహం లేదు! పుచ్చిన పన్నులా తొర్రలు పడి, తెల్లగా పొడిబారి ఉంది. స్క్రూ ముట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. చీలికల నిండా, లోపల ఎంతవరకు వేలు పోతే అంతవరకు, సున్నం ముద్దలాంటి తెల్లటి గార.

చూసిన మరుక్షణమే తెలిసిపోయింది. ఇంజన్ కాలు అల్యూమినియంది. రాగిని, అల్యూమినియాన్ని కలిపి తడిలో ఉంచితే అల్యూమినియం తెల్లపొడై రాలిపోతుంది. ఈ ముక్క అతనికి తెలియక కాదు! దుకాణంలో ఎవరైనా రాగి తీగకు అల్యూమినియం తీగ ముడేసి తెస్తే "ఎవడయ్యా గీ జాయింటు కొట్టింది, వాని చేతులిరగ" అని గల్లీ అంతా వినబడేలా తిట్టేవాడు. అదే జాయింటు తనే వేసి, మురికినీళ్లలో ముంచి, శాలువా కప్పించుకున్నాడు. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు. తన చేతులు తనే నరుక్కోవాలనిపించింది.

జల్లెడలు పీకి పారేశాడు. తీగ ముక్కతో చీలికల్లో పొడిచాడు. కాలును ముంచి ఇంజన్ స్టార్టు చేశాడు. రంధ్రంలోంచి తెల్లటి నీళ్లు నాలుగు చుక్కలు కారి ఆగిపోయాయి. గార లోపలి గొట్టాల దాకా పోయింది. అది తీయాలంటే బల్ల మీద పెట్టి మొత్తం విప్పాలి. ఇప్పుడు నడిపితే ఒక్కసారి పోయి రావచ్చు, అదీ దేవుడు చల్లగా చూస్తే. ఆ తర్వాత ఇంజన్ లోపల లోపలే పట్టేసుకుని ఇనుప ముద్ద అవుతుంది. అతని చెవికి ఆ లెక్క తెలుసు. పక్కనున్న నగేష్‌కు తెలియదు.

అప్పుడే యశోద పిట్టగోడ మీదికి వంగి అరిచింది. "ఇగో, బాపు! బాపు కొట్టం మీదున్నడు! బర్రెల తాళ్లు కోయనీకి పోయిండట! జల్దీ పో!"

గల్లీ దిగువన, వాన తెర వెనక, రేకుల మీద బోర్లా పడుకుని బాలనర్సింహ కనిపించాడు. కొట్టం గుంజలు ఊగుతున్నాయి. తాళ్లు కోసిన బర్రెలు ఎటో ఈదుకుపోయాయి, కోసినవాడు మాత్రం చిక్కుకుపోయాడు.

అదే క్షణంలో ఎగువ నుంచి ఇంకో కేక. నాలా పక్కన గుంటలో ఒక్క గది స్లాబు ఇల్లు కళావతిది. మగడు పోయాక మిర్చీ బండి పెట్టుకుని ఇద్దరు ఆడపిల్లలను సాకుతోంది. ముగ్గురూ స్లాబు మీద నిలబడి ఉన్నారు. నీళ్లు స్లాబు అంచు దాటి లోపలికి పాకుతున్నాయి. "మహేందరన్నా! పిల్లలున్నరన్నా!" అని చీర కొంగు ఊపుతోంది.

ఒకటి ఎగువ, ఒకటి దిగువ. ఇంజన్‌లో ఉన్నది ఒక్క ట్రిప్పు.

"ముందుగాల మామను తెద్దాం, గట్లనే మల్లి కళావతక్క తానికి పోదాం, నడువ్" అన్నాడు నగేష్, తాడు విప్పుతూ.

మహేందర్ నోరు తెరిచాడు. చెప్పాలి. రెండోసారి పోవడం ఉండదురా అని చెప్పాలి. చెబితే నగేష్ ఏమంటాడో తెలుసు. పిల్లల దగ్గరికి తిప్పమంటాడు. ఎవడైనా అదే అంటాడు. మహేందర్ నోరు మూసుకుని పడవను దిగువకు తిప్పాడు. కొట్టం గుంజలు ఊగుతున్నాయి గదా, స్లాబు గట్టిది గదా, అని కారణాలు దారిలో వెతుక్కున్నాడు. తిప్పినప్పుడు మాత్రం అతని మనసులో కారణం లేదు. యశోద గొంతు ఒక్కటే ఉంది.

ఇంజన్ మూత తీసేసి, "నగేష్, మగ్గుతో నీళ్లు కొట్టు, ఇంజన్ మీద కొట్టు!" అన్నాడు.

"ఏందిరా, గిట్ల ఎందుకు?"

"కొట్టరా భాయ్, దండం పెడత!"

నగేష్ కొట్టాడు. ఆవిరి బుస్సుమంది. కూత ఆగకుండా చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. కొట్టం చేరేసరికి కాలిన వాసన ముక్కుకు తగిలింది. రేకు అంచు పట్టుకుని మహేందర్ చేయి చాపాడు.

బాలనర్సింహ కదల్లేదు. తల ఎత్తి ఎగువకు చూపించాడు. "కళావతి పిల్లలున్నరు గద అక్కడ. వాళ్లను తెచ్చినంక రా. నేను ఉంట."

"ఎక్కు మామా!"

"అరే, నేను ఉంట అంటున్న గద అల్లుడా, ఉరుకు!"

"ఎక్కు నీ కాళ్లు మొక్కుత!" అని మహేందర్ ఏడుస్తూ ఆ ముసలాయన చొక్కా పట్టి పడవలోకి గుంజేశాడు. ఇద్దరూ అడుగున పడ్డారు.

తిరుగు దారిలో, మేడ ఇక అందుతుందనగా, ఇంజన్ కర్‌మని ఒక్క శబ్దం చేసి ఆగిపోయింది. నగేష్ విసిరిన తాడు మేడ మీదివాళ్లకు అందింది కాబట్టి సరిపోయింది. పదిమంది కలిసి లాగారు. యశోద తండ్రిని వాటేసుకుని బావురుమంది. ఆయన ఆమె తల నిమిరి, పక్కకు జరిపి, "ఇగ తిప్పుండ్రి, కళావతి తానికి. నేను గూడ వస్త" అన్నాడు.

నగేష్ స్టార్టరు తాడు గుంజాడు. కదల్లేదు. కాలు తన్నిపెట్టి గుంజాడు. గోడలో పాతిన కొక్కేన్ని గుంజినట్టే ఉంది.

"గుంజకు. పట్టేసింది" అన్నాడు మహేందర్, తల వంచుకుని. "పోకముందే ఖరాబయింది. నా రాగి జల్లెడ తిన్నది దాన్ని. ఒక్క ట్రిప్పే వస్తదని నాకు ఎరుకే."

నగేష్ చేతిలోని తాడు వదిలేశాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే అటు తిప్పుమందువు."

బాలనర్సింహ అల్లుడి మొహంలోకి చూశాడు. బతికి బయటపడ్డవాడి చూపు కాదది. "నన్ను తెచ్చినవా నువ్వు" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు నేను ఆ పోరగాండ్ల ముంగట ఎట్ల నిలబడాలె?"

యశోద తండ్రి వైపూ మొగుడి వైపూ మార్చి మార్చి చూసి, పైట నోట్లో కుక్కుకుంది. తీసుకురమ్మన్నది తనే.

పడవను తెడ్డుతో నడుపుదామా అంటే ఉన్నది ఒకటే తెడ్డు, పైగా ఎగువకు పోవాలి. ఆ వరదకు ఎదురు పోవడం మనిషి తరం కాదు. ఫోన్లు చేసినవాళ్లు చేస్తూనే ఉన్నారు, సర్కారు పడవ బయలుదేరిందనే అంటున్నారు.

అటు చూస్తే కళావతి కేకలు మానేసింది. బాలనర్సింహను పడవ తీసుకురావడం ఆమె చూసింది. తర్వాత వంతు తమదేనని ధైర్యం తెచ్చుకుంది. పిల్లలను చెరోచేత పట్టుకుని, పడవ ఎక్కించడానికి వీలుగా, స్లాబు చివర పిట్టగోడ దగ్గరికి తెచ్చి నిలబెట్టింది. నీళ్లు పిల్లల మోకాళ్లు దాటాయి. వాళ్ల వెనక, స్లాబు మధ్యలో, నాలుగు సిమెంటు స్తంభాల మీద నీళ్ల ట్యాంకు దిమ్మె ఉంది. ఎక్కగలిగితే అదొక్కటే దిక్కు. కానీ పడవ వస్తోందనుకునే మనిషి పైకెందుకు ఎక్కుతుంది? నమ్మకమే ఆమెను ఆ గోడ దగ్గర కట్టేసింది.

"చెప్పు" అన్నాడు బాలనర్సింహ. "నువ్వే చెప్పాలె."

మహేందర్ మేడ పిట్టగోడ ఎక్కాడు. "కళావతక్కా!" అని అరిచాడు. ఆమె తల ఎత్తి చేయి ఊపింది, ఇక్కడే ఉన్నాం రమ్మన్నట్టు. మళ్లీ గుక్క తీసుకున్నాడు.

"అక్కా! బోటు రాదు! ఇంజన్ చచ్చింది! నేనే ఖరాబు చేసిన! మేం రాలేం అక్కా! పిల్లలను ట్యాంకు దిమ్మె మీదికి ఎక్కియ్యి! ఎక్కు! జల్దీ ఎక్కు!"

ఆమె అర్థం కానట్టు నిలబడిపోయింది. ఒక్కసారి అతని పక్కన ఉన్న బాలనర్సింహను చూసింది. మహేందర్‌కు అంత దూరం నుంచి కూడా ఆ చూపు తగిలింది. మరుక్షణం ఆమె వెనక్కి తిరిగి పిల్లలను ఈడ్చుకుంటూ దిమ్మె దగ్గరికి నడిచింది. మేడ మీది జనమంతా ఒక్క గొంతుతో ఎక్కు, ఎక్కు అని అరిచారు. ఆమె చిన్నదాన్ని నెత్తి మీదికి ఎత్తి దిమ్మె మీదికి తోసింది. పెద్దది తల్లి నడుం పట్టుకుని వేలాడుతోంది. అంతలో నాలా వైపు నుంచి ఒక పెద్ద పోటు వచ్చింది. పిట్టగోడ, కాసేపటి కింద ముగ్గురూ నిలబడ్డ ఆ పిట్టగోడ, ఉన్నదున్నట్టు విరిగి కొట్టుకుపోయింది. నీళ్లు కళావతి నడుం దాటాయి. పెద్దపిల్ల పట్టు జారి నీళ్లలో పడింది. కళావతి ఒక చేత్తో స్తంభాన్ని, ఒక చేత్తో పిల్ల జుట్టును పట్టుకుంది. మహేందర్ కళ్లు మూసుకోలేదు. మూసుకునే హక్కు లేదనిపించింది.

ఎట్లా ఎక్కిందో ఎవరూ చెప్పలేరు. పిల్లను ట్యాంకు పైపు అందేదాకా ఎత్తింది, పిల్ల ఎక్కింది, తర్వాత తను ఎక్కింది. సర్కారు పడవ మధ్యాహ్నం దాటాక వచ్చింది. అప్పటిదాకా ముగ్గురూ ఆ దిమ్మె మీద ఒకరినొకరు కరుచుకుని కూర్చున్నారు. అప్పటిదాకా బాలనర్సింహ కూర్చోలేదు. యశోద ఎక్కణ్ణుంచో వేడి చాయ్ సంపాదించి తెస్తే ముట్టలేదు. వాళ్లకు ఎదురుగా వానలో నిలబడే ఉన్నాడు.

పడవవాళ్లు ముగ్గురినీ తెచ్చి మేడ మీద దించారు. కళావతి నేరుగా మహేందర్ దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండనుకున్నాడు. ఆమె కొట్టలేదు. మోచేతులు చీరుకుపోయి రక్తం కారుతుంటే కొంగుతో అదుముకుంటూ నిలబడింది.

"నీ మామను నువ్వు తెచ్చుకున్నవు. నీ జాగల నేనున్నా గదే చేస్తుంటినో ఏమో, నాకు ఎరుకలేదన్నా. నేను నిన్ను తిట్టను" అంది.

అతను చేతులు జోడించబోయాడు. ఆమె ఆపింది.

"నువ్వు రావని చెప్పినంక నాకు గూడ గదే వచ్చి పడ్డది. ఇద్దరు పిల్లలు, ఒక్కరినే ఎత్తే వీలుండె. చిన్నదాన్ని ఎత్తిన. పెద్దదాన్ని నీళ్లలనే ఉంచిన" అని, వెనక నక్కి ఉన్న పెద్దకూతురు ఇంద్రజను భుజం పట్టి ముందుకు తెచ్చింది. పిల్ల పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "దిమ్మె మీదికి ఎక్కినకాడి నుంచి ఒకటే అడుగుతున్నది, నన్నెందుకు ముందుగాల ఎత్తలేదమ్మా అని. నాకు చెప్పనీకి వస్తలేదు. నీకు వస్తదేమో. నువ్వు చెప్పన్నా దానికి."

మహేందర్ ఆ పిల్ల ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇంద్రజ తడిసిన జుట్టు కళ్ల మీంచి తోసుకుని, అతని మొహంలోకి చూస్తూ, జవాబు కోసం నిలబడింది.